ఫోటోల కెమెరాలో వీడియో ఎందుకు?

2013 నవంబరులో నికాన్ ‘డీఎఫ్’ అనే కెమెరాను ప్రకటించింది. చూడ్డానికి పాత ఫిలిం కెమెరాలా ఉంటుంది. షట్టర్ వేగానికి ఒక చక్రం, ఐఎస్‌ఓకు ఒక చక్రం, అన్నీ వేళ్లతో తిప్పుకునేవే. లోపల ఉన్నది మాత్రం ఆ రోజుల్లో పత్రికా ఫోటోగ్రాఫర్లు ఏరికోరి వాడిన డీ4 కెమెరాలోని 16 మెగాపిక్సెళ్ల సెన్సర్. అదే సెన్సర్‌తో డీ4 హెచ్‌డీ వీడియో తీసేది. డీఎఫ్ తీయదు. వీడియో రికార్డింగ్‌ను కావాలనే పక్కన పెట్టి, ఫోటోలు మాత్రమే తీసుకునేవారి కోసం తయారు చేసిన కెమెరా అది.

“మేం వీడియో తీయం. తీయని దానికి డబ్బెందుకు కట్టాలి? దాన్ని తీసేసి ధర తగ్గించండి” అని ఫోటోగ్రాఫర్లు అప్పటికే చాన్నాళ్లుగా అడుగుతున్నారు. ఇప్పటికీ అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. డీఎఫ్ ధర దానికి మొదటి జవాబు. అప్పట్లో అమెరికాలో ఆ బాడీ సుమారు 2,750 డాలర్లు. అంతకు నెల ముందే అదే సంస్థ 24 మెగాపిక్సెళ్లు, పూర్తి హెచ్‌డీ వీడియో ఉన్న డీ610ను దాదాపు 2,000 డాలర్లకు ప్రకటించింది. రెండు కెమెరాల తయారీలో తేడాలు చాలా ఉన్నాయి కాబట్టి ఈ 750 డాలర్ల తేడాను వీడియో లెక్కలో వేయకూడదు. కానీ వీడియో తీసేస్తే కెమెరా చవకవుతుందన్న ఆశకు మాత్రం ఇక్కడ ఏ ఆధారమూ దొరకదు. 2017లో లైకా తన ఎం10 నుంచి వీడియోను తొలగించింది. అంతకుముందు తరం మోడల్‌లో అది ఉండేది. 2022లో వచ్చిన హాసెల్‌బ్లాడ్ ఎక్స్2డీలోనూ వీడియో లేదు. ఈ రెండూ మామూలు ఉద్యోగి కొనగలిగే ధరలో లేవు.

డీఎఫ్‌లో ఇంకో సంగతి ఉంది. అసలు విషయం అక్కడే ఉందని నా నమ్మకం. దానికి లైవ్ వ్యూ ఉంది. మీట నొక్కితే వెనక తెర మీద దృశ్యం కదులుతూ కనిపిస్తుంది. ఎదురుగా చెట్టు ఊగితే తెరలోనూ ఊగుతుంది. అంటే సెన్సర్ సెకనుకు ఎన్నోసార్లు బొమ్మను చదివి తెరకు పంపుతూనే ఉంది. వీడియో అంటే అంతకుమించి ఏముంది? డీఎఫ్‌లో లేనిది ఆ ప్రవాహం కాదు, దాన్ని కార్డులోకి దించుకునే వీలు మాత్రమే.

ఈ రెంటినీ విడదీసి చూడాలి. సెన్సర్ నుంచి ఆగకుండా వచ్చే బొమ్మల ప్రవాహం ఒకటి. దాన్ని ఫైలుగా దాచుకోవడం ఇంకొకటి. ఫోటోలు మాత్రమే తీసేవారు వద్దనుకునేది రెండోదాన్ని. మొదటిది లేకపోతే ఇవాళ్టి కెమెరాల్లో చాలావరకు ఫోకస్ కూడా చేయలేవు.

అద్దం ఉన్న డిజిటల్ ఎస్సెల్లార్లలో మొదట్లో ఈ ప్రవాహం లేదు. లెన్సు నుంచి వచ్చిన వెలుతురును అద్దం పైకి మళ్లించేది, దాన్ని కంటితో నేరుగా చూసేవాళ్లం. సెన్సర్ అద్దం వెనక, మూసిన షట్టర్ వెనక చీకట్లో ఉండేది. మీట నొక్కినప్పుడు అద్దం లేచి, షట్టర్ తెరుచుకుంటే ఒక్క క్షణం వెలుతురు చూసేది. ఆ రోజుల్లో ఎవరైనా వీడియో కావాలని అడిగి ఉంటే అది నిజంగా బయటినుంచి తెచ్చి అతికించే పనే అయ్యేది. లైవ్ వ్యూ రాగానే పరిస్థితి మారింది. తెర మీద దృశ్యం చూపించాలంటే సెన్సర్ నిమిషాల తరబడి మేలుకొని ఉండాలి. అంతవరకు వచ్చాక, ఆ బొమ్మలను కుదించి కార్డులో రాసే పని ప్రాసెసర్ చూసుకోగలదు. 2008 ఆగస్టులో నికాన్ డీ90 ఆ పని చేసింది. 720 గీతల వీడియో, సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కో క్లిప్పు ఐదు నిమిషాలు. తర్వాతి నెలలోనే కెనాన్ 5డీ మార్క్ 2ను ప్రకటించింది. పూర్తి హెచ్‌డీ, అదీ 24×36 మిల్లీమీటర్ల పెద్ద సెన్సర్ మీద.

అదే సెప్టెంబరులో పానాసోనిక్ జీ1ను కూడా ప్రకటించారు. అద్దం లేకుండా, లెన్సులు మార్చుకునే వీలుతో వచ్చిన ఆ కొత్త తరం కెమెరాల్లో అది మొదటిది. దాని వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి చూసేదంతా సెన్సర్ పంపే కదిలే బొమ్మే. అయినా జీ1 వీడియో రికార్డు చేసేది కాదు! మరుసటి ఏడాది జీహెచ్1లో ఆ వీలు కల్పించారు. ప్రవాహం వేరు, రికార్డింగ్ వేరు అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

24×36 అన్న కొలత వెనకా ఒక కథ ఉంది. జర్మనీలోని వెట్‌స్లార్‌లో లైట్స్ సంస్థలో పనిచేసిన ఆస్కర్ బార్నాక్ 1913-14 ప్రాంతంలో సినిమా ఫిలింను అడ్డంగా నడిపించి ఫోటోలు తీసే చిన్న కెమెరా తయారుచేశాడు. సినిమా ఫ్రేమ్ 18×24 మిల్లీమీటర్లు. బార్నాక్ రెండు ఫ్రేముల చోటును ఒకే ఫోటోకు కేటాయించాడు. అలా వచ్చిందే 24×36. లైకా పేరుతో 1925లో అది అంగడికెక్కింది. ఇవాళ మనం ఫుల్‌ఫ్రేమ్ అని గొప్పగా చెప్పుకునే కొలత సినిమా ఫిలిం నుంచి పుట్టిందే. స్టిల్ కెమెరా వేరు, సినిమా వేరు అని గట్టిగా గీత గీసేవారు ఈ పుట్టుకను గుర్తుంచుకోవాలి.

5డీ మార్క్ 2 ఆ పెద్ద కొలతతో మళ్లీ సినిమా వైపు నడిచింది. పత్రికల వెబ్‌సైట్లకు వీడియో కూడా పంపాల్సి వస్తున్న వార్తా ఫోటోగ్రాఫర్లను దృష్టిలో పెట్టుకుని వచ్చిన ఆ వీలును సినిమావాళ్లు అందిపుచ్చుకున్నారు. మొదట్లో అందులో సెకనుకు 30 ఫ్రేములే ఉండేవి. 24, 25 ఫ్రేముల వేగాలను 2010 మార్చిలో ఫర్మ్‌వేర్ ద్వారా చేర్చారు. ఆ ఏడాది మే నెలలో అమెరికా టీవీ ధారావాహిక ‘హౌస్’ ఆరో సీజన్ చివరి భాగం మొత్తం ఈ కెమెరాతో తీసినదే ప్రసారమైంది. తెలుగులో 2011లో రామ్‌గోపాల్ వర్మ ‘దొంగల ముఠా’ను కెనాన్ 5డీ కెమెరాలతో ఐదు రోజుల్లో పూర్తిచేశారు. ఆ తర్వాత మన పెళ్లిళ్ల వీడియోల తీరే మారిపోయింది. భుజాన పెద్ద కెమెరా, పక్కన లైటు పట్టుకున్న మనిషి ఉండే చోటికి, వెనకంతా మసకబారి ముఖం మాత్రం తేటగా కనిపించే దృశ్యాలు వచ్చాయి.

సెన్సర్ నుంచి ఎంత సమాచారం వస్తుందో ఒకసారి లెక్కగట్టి చూద్దాం. 24 మెగాపిక్సెళ్లు, పిక్సెల్‌కు 14 బిట్లు అనుకుంటే ఒక్క బొమ్మ 42 మెగాబైట్లు. సెకనుకు 30 బొమ్మలంటే 1,260 మెగాబైట్లు. 2008 నాటి సెన్సర్లు, ప్రాసెసర్లు ఇంత భారం మోయలేవు. అందుకే కొన్ని పిక్సెల్ వరుసలను చదివి, మధ్యలో కొన్నింటిని వదిలేసేవి. పూర్తి హెచ్‌డీకి కావలసింది 20 లక్షల పిక్సెళ్లే కాబట్టి బొమ్మ కొలతకు సరిపోయేది. కానీ వదిలేసిన వరుసల వల్ల పెంకుటింటి కప్పు మీదా, సన్న గీతల చొక్కా మీదా, పట్టుచీర జరీ మీదా లేని రంగుల అలలు తేలేవి. 4కే వీడియోకు 83 లక్షల పిక్సెళ్లు, 8కేకు 3.3 కోట్లు కావాలి. ఆ మెట్లెక్కాలంటే సెన్సర్‌ను వేగంగా, వీలైతే పూర్తిగా చదవక తప్పదు. ఈ వేగమే ఫోటోలకు కలిసొచ్చింది.

ఎలాగంటే, మనం వాడే సీమాస్ సెన్సర్లు చాలావరకు బొమ్మను ఒక్కసారిగా చదవవు. పై వరుస నుంచి కింది వరుస దాకా ఒకదాని తర్వాత ఒకటిగా చదువుతాయి. పెళ్లి భోజనాల్లో బంతి మొదట కూర్చున్నవారికీ చివరన కూర్చున్నవారికీ వడ్డన ఒకేసారి అందదు కదా, అలాగన్నమాట. నెమ్మదైన సెన్సర్‌లో ఆ వడ్డన పూర్తవడానికి సెకనులో 15వ వంతు దాకా పడుతుంది. ఈలోగా దృశ్యం కదిలిపోతుంది. పరుగెత్తే బస్సు పక్కకు ఒరిగినట్టు, బ్యాటు వంగినట్టు వస్తాయి. చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్‌తో ఫోటో తీసినా ఇదే తంటా. అందుకే లోహపు తెరల షట్టర్ ఇంకా చాలా కెమెరాల్లో ఉంది.

2017లో సోనీ ఏ9 ఈ చదివే వేగాన్ని బాగా పెంచింది. సెన్సర్ వెనకే మెమరీని పొరగా అమర్చి, సెకనుకు 20 ఫోటోలు తీస్తున్నా వ్యూఫైండర్ ఒక్క క్షణం కూడా నల్లబడకుండా చేసింది. ఫోకస్‌నూ వెలుతురునూ సెకనుకు 60 సార్లు లెక్కగట్టగలిగింది. 2021లో నికాన్ జెడ్9 లోహపు షట్టర్‌నే తీసేసింది. దాని సెన్సర్ చదవడం సెకనులో 250వ వంతు కన్నా తక్కువ సమయంలోనే పూర్తవుతుంది. అదే కెమెరా 8కే వీడియో కూడా తీస్తుంది. 2023 నవంబరులో ప్రకటించిన సోనీ ఏ9 3లో అన్ని పిక్సెళ్లూ ఒకే క్షణంలో వెలుతురును పట్టి ఆపుతాయి. ఒరగడం, వంగడం అన్న సమస్యే లేదు. ఈ మూడు కెమెరాల ప్రధాన కొనుగోలుదారులు ఆటలు, పక్షులు, వార్తలు తీసే ఫోటోగ్రాఫర్లే. వీడియోకు కావలసిన వేగమూ, వీరికి కావలసిన వేగమూ ఒక్కటే.

ఫోకస్ సంగతీ అంతే. 2013లో కెనాన్ 70డీ కొత్త పద్ధతి తెచ్చింది. ప్రతి పిక్సెల్‌నూ రెండు భాగాలుగా చేసి, ఎడమ సగానికీ కుడి సగానికీ కనిపించే బొమ్మల తేడాను బట్టి లెన్సును ఎటు, ఎంత జరపాలో ఒక్కసారిగా తేల్చే పద్ధతి. అంతకుముందు లైవ్ వ్యూలో, వీడియోలో లెన్సు ముందుకూ వెనక్కూ తడుముకునేది. ఆ తడుములాట పోగొట్టడానికి వచ్చిన ఈ పద్ధతి మీదే ఇప్పటి కెనాన్ అద్దం లేని కెమెరాల ఫోకస్ అంతా నడుస్తోంది. పసిబిడ్డ కంటి మీద ఫోకస్ దానంతటదే నిలబడి, బిడ్డ తల తిప్పినా వెంటే వెళ్తోందంటే, కెమెరా లోపల ఆ క్షణంలో నడుస్తున్నది వీడియో. మీట నొక్కకముందు జరిగినదాన్ని కూడా దాచి ఇచ్చే ప్రీ క్యాప్చర్ ఉంది కదా, 2016లో ఒలింపస్ ఈ-ఎం1 మార్క్ 2లోనూ వచ్చింది, అదీ ఈ ప్రవాహపు వరమే. లకుముకి పిట్ట కొమ్మ మీంచి ఎగిరాక మన వేలు కదిలేలోపు ఆలస్యమైపోతుంది. కెమెరా అప్పటికే బొమ్మలు పోగేసి పెట్టుకుని ఉంటుంది.

ఇంతా చెప్పి, ఫోటోగ్రాఫర్ల ఫిర్యాదులో పసలేదని నేను అనను. ఈ ప్రవాహానికి మూల్యం ఉంది, దాన్ని చెల్లించేది వారే. బ్యాటరీ చూడండి. ఒకే పరీక్షా పద్ధతిలో అద్దం ఉన్న నికాన్ డీ850 ఒక చార్జింగ్‌తో 1,840 ఫోటోలు తీస్తుందని తేలింది. అద్దం తీసేసిన జెడ్7కు వచ్చిన అంకె 330. రెండూ దాదాపు సమానమైన రిజల్యూషన్ ఉన్న కెమెరాలే. సెన్సరూ తెరా మేలుకొని ఉన్నంతసేపూ కరెంటు తాగుతూనే ఉంటాయి. అడవిలోకి వెళ్లేవారు, చార్జింగ్ దొరకని ఊళ్లలో తిరిగేవారు ఈ తేడా గట్టిగా అనుభవిస్తారు. మేలుకొని ఉంటే వేడి కూడా పుడుతుంది. 2020లో కెనాన్ ఆర్5 8కే వీడియో సుమారు 20 నిమిషాలు తీశాక వేడెక్కి ఆగిపోతుండటం పెద్ద చర్చే అయింది. వీడియో తీయనివారికి ఆ వేడితో సంబంధం లేదు గానీ, దాన్ని బయటికి పంపడానికి కొన్ని కెమెరాల్లో లావెక్కిన బాడీని, చేర్చిన ఫ్యానును మోయాల్సింది మాత్రం వారే.

సంస్థల వైపు నుంచి చూస్తే లెక్క వేరు. జపాన్ కెమెరా పరిశ్రమ సంఘం సీపా అంకెల ప్రకారం 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు కర్మాగారాల నుంచి బయటికి వెళ్లాయి. 2020కి అది 90 లక్షల లోపుకు పడిపోయింది. ఫోన్లు మింగేసిన బజారు అది. ఒక సెన్సర్‌ను, ఒక ప్రాసెసర్‌ను రూపొందించే ఖర్చు ఎన్ని కెమెరాలు అమ్మినా దాదాపు అంతే ఉంటుంది. ఇంత చిన్న బజారులో ఫోటోలవారికి ఒకటి, వీడియోవారికి ఒకటి అని విడదీస్తే ఇద్దరికీ ధర పెరుగుతుంది. పెళ్లి వీడియోలు తీసేవారు, యూట్యూబ్ చానళ్లు నడిపేవారు అదే కెమెరాను కొంటున్నారు కాబట్టే ఫోటోలు మాత్రమే తీసేవారికి ఆ మాత్రం ధరకైనా దొరుకుతోంది. వాళ్ల వీడియో ఖర్చు మనం భరిస్తున్నామన్న మాట తలకిందులైనదని నా అభిప్రాయం.

కెమెరాలు వీడియోను అరగంటకు ఒక్క సెకను ముందు ఆపేసిన పాత అలవాటు వెనక కూడా సెన్సర్ శాస్త్రం లేదు. ఐరోపా సుంకాల నిబంధనల్లో అరగంట గానీ అంతకు మించి గానీ రికార్డు చేసేదాన్ని వీడియో కెమెరాగా లెక్కగట్టి అదనపు పన్ను వేసేవారు. 29 నిమిషాల 59 సెకన్ల హద్దు అక్కణ్నుంచి వచ్చింది.

ఇక రెండో సంగతి, రికార్డింగ్. ఫోటోలు తీసేవారికి అది అవసరమా? అవసరం కన్నా ముందు, ఒకే చేతిలో రెండు పనులూ ఎందుకు పొసగవో చెప్పాలి. తలంబ్రాలు పోసే క్షణం తీసుకుందాం. దోసిలి నుంచి జానెడు కిందికి జారేసరికి బియ్యపు గింజ వేగం సెకనుకు సుమారు 2 మీటర్లు. ఫోటోకు షట్టర్‌ను సెకనులో 2,000వ వంతు పెడితే ఆ లోపు గింజ కదిలేది ఒక్క మిల్లీమీటరు. ఒక్కో గింజా గాల్లో విడిగా నిలబడుతుంది. వీడియోకు అలా కుదరదు. సెకనుకు 25 ఫ్రేములు తీస్తే షట్టర్ దానికి రెట్టింపు, అంటే 50వ వంతు ఉండాలి. అప్పుడే కదలిక కంటికి సాఫీగా తోస్తుంది. ఆ 50వ వంతు సెకనులో గింజ 4 సెంటీమీటర్లు జారుతుంది. ప్రతి ఫ్రేములోనూ తలంబ్రాలు చారలే. వీడియోలో ఆ చారలే అందం. అందులోంచి ఒక ఫ్రేమును ఆపి ఆల్బమ్‌లో వేద్దామంటే పనికిరాదు. పోనీ షట్టర్‌ను 2,000కు పెంచి వీడియో తీస్తే ఫ్రేములు చక్కగా ఉంటాయి, కదలిక మాత్రం కుదుపుల మయం.

50వ వంతుకు మనకు ఇంకో కారణం ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్. కల్యాణ మండపాల్లోని చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్ ఆ మినుకులకు తగినట్టు లేకపోతే వీడియోలో నల్లటి పట్టీలు పాకుతాయి. ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీసిన ఫోటోల్లోనూ పట్టీలు పడతాయి. ఆరుబయట మిట్టమధ్యాహ్నం అయితే మరో చిక్కు. ఐఎస్‌ఓ 100, షట్టర్ 50 ఉంచి వెనకంతా మసకబారేలా ఎఫ్ 2.8 పెట్టాలంటే వెలుతురు 64 రెట్లు ఎక్కువైపోతుంది. లెన్సు ముందు నల్లటి ఎన్‌డీ ఫిల్టర్ బిగించాలి. ఫోటో తీయాలంటే దాన్ని విప్పాలి. ఇన్ని మార్పులు చేస్తూ ముహూర్తం దాటిపోకుండా రెండూ బాగా తీయగల మనిషి ఉంటారని నేను అనుకోను. అనుభవమున్న పెళ్లి బృందాలు ఫోటోకు ఒకరిని, వీడియోకు ఒకరిని పెట్టుకునేది అందుకే. ఒక్కరే రెండూ చూసుకుంటామంటే ఖర్చు తగ్గుతుంది గానీ, రెంట్లో ఒకటి తప్పక చెడుతుంది.

అలాగని రికార్డింగ్ మీటను ఎప్పటికీ ముట్టుకోనని ఒట్టు పెట్టుకోవడం నాకు నచ్చదు. కదలికే సమాచారమైన చోట్లు ఉన్నాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు గూళ్లు కడతాయి. తల్లి గొంతులోంచి పిల్లలు చేపను ఎలా లాక్కుంటాయో, ఎండలో పెద్ద పక్షులు గూటి మీద రెక్కలు చాచి ఎలా నీడ పడతాయో ఒక్క ఫోటోలో తెలియదు. చెట్ల గుబుర్లలో దాక్కుని కూసే పిట్టలను పోల్చుకోవడానికి కూతే ఆధారం. ఆ కూతను పట్టుకోవడానికి ఫోటోగ్రాఫర్ చేతిలో ఉన్న సాధనం ఈ మీట. పోచంపల్లి మగ్గం మీద నేతగాడి చేయీ కాలూ ఎలా జతపడతాయో నమోదు చేయాలన్నా అంతే. ఇందుకు 8కే అక్కర్లేదు. మామూలు హెచ్‌డీలో అర నిమిషం చాలు. షట్టర్ 50, చేయి కదలకుండా ఒక ఆసరా, గాలి చప్పుడు పడకుండా మైకు మీద కాస్త స్పాంజి. ఇంతే.

కాబట్టి కొనేటప్పుడు వీడియో ఉందా లేదా అని చూడటం దండగ. దాదాపు అన్నింటిలోనూ ఉంటుంది. దేనికి అదనంగా కడుతున్నామో చూడాలి. 8కే, 10 బిట్ల లాగ్ రికార్డింగ్, లోపలి ఫ్యాను, సెకనుకు 90 మెగాబైట్లు తగ్గకుండా రాసే వీ90 కార్డులు, ఇవన్నీ రంగులు దిద్దుకుని అమ్ముకునేవారి సరుకు. ఫోటోలు తీసేవారు నిశ్చింతగా వదిలేయవచ్చు. 4కేలో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున గంట తీస్తే 45 గిగాబైట్లు నిండుతాయి. దాన్ని దాచే డిస్కుల ఖర్చు కూడా లెక్కలోకి రావాలి. అలా మిగిలిన డబ్బును మంచి లెన్సు మీద పెట్టండి.

వదిలేయకూడనిది సెన్సర్ చదివే వేగం. దాన్ని దుకాణంలోనే పరీక్షించుకోవచ్చు. ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టి, వేగాన్ని 2,000కు పెంచి, తిరుగుతున్న సీలింగ్ ఫ్యానును ఒక ఫోటో తీయండి. నిమిషానికి 300 చుట్లు తిరిగే ఫ్యాను రెక్క సెకనులో 15వ వంతులో 120 డిగ్రీలు తిరుగుతుంది. సెన్సర్ అంత నెమ్మదిదైతే రెక్కలు కొడవళ్లలా వంగి వస్తాయి. 250వ వంతులో చదివేదైతే ఆ తిరుగుడు 7 డిగ్రీలే, రెక్క దాదాపు తిన్నగా ఉంటుంది. అదే ఫోటోను లోహపు షట్టర్‌తో తీసి పక్కపక్కన పెట్టి చూడండి. పక్షులు, ఆటలు తీసేవారైతే ఆ వంపును బట్టే కెమెరాను ఎంచుకోండి. కొండలు, గుళ్లు, మనుషుల ముఖాలు తీసేవారైతే వంపు ఎంత ఉన్నా బెంగపడకుండా తక్కువ ధర కెమెరానే తీసుకోండి.